ఖైరున్ ఆపా మొక్కల మీద నా కన్ను

దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో ఒక ఆఫీసు భవనం ముందు, అద్దాల తలుపుకు అటొకటి ఇటొకటి, వంటలో ఆకు వేసుకునే రెండు లారెల్ మొక్కలు పెద్ద కుండీల్లో ఉంటాయి. కాండాన్ని ఒంటిగా వదిలేసి తల మాత్రం బంతిలా గుండ్రంగా కత్తిరించిన మొక్కలు. భవనాల్లో మొక్కలు చూసుకునే ఒక కంపెనీలో పని చేస్తాను కాబట్టి వారానికి రెండుసార్లు వాటి దగ్గరికి వెళ్లడం నా డ్యూటీ. మొన్న ఒక ఉదయం అడ్డంగా పెరిగిన కొమ్మను కత్తిరిస్తుంటే ఆకు ఒకటి వేళ్ల మధ్య నలిగింది. మిరియాల ఘాటు, కొంచెం కర్పూరం, ఎండిన గడ్డి కలిసినట్టుండే వాసన. ఆ వాసన తగిలితే చాలామందికి వంటిల్లు గుర్తొస్తుందేమో. నాకు మాత్రం ముందు కడుపులో, బొడ్డుకు కాస్త పైన, ఒకచోట సన్నగా వేడెక్కుతుంది. అది అసూయ. అది వచ్చి కూర్చున్న తర్వాతే ఖైరున్ ఆపా గుర్తొస్తుంది. ఆమె గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తే నా గురించి కూడా ఉన్నది ఉన్నట్టు రాయాల్సి వస్తుందని ఇన్నాళ్లూ వాయిదా వేశాను.

పెళ్లయిన ఏడాదికి నేను జగిత్యాల నుంచి దోహా వచ్చాను. మా ఆయన రాజేశం ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో డ్రాయింగులు గీసే ఉద్యోగి. ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో, కింద లాండ్రీ, పక్కన టీ కొట్టు ఉన్న పాత మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు మాది. ఒకే పొడవాటి బాల్కనీని నడుము ఎత్తు గోడ కట్టి రెండు ఇళ్లకు పంచారు. గోడకు అవతల ఖైరున్ ఆపా ఇల్లు. ఆపా అంటే అక్క. ఆమెది బోధన్. భర్త సలీం భాయి ఒక కంపెనీలో డ్రైవరు. ఆపా ఇంట్లోనే మిషను పెట్టుకుని ఆ చుట్టుపక్కల ఆడవాళ్లకు బట్టలు కుట్టేది. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, కళ్లద్దాలు ముక్కు చివర, మెడలో ఎప్పుడూ కొలత టేపు. ఆమె బాల్కనీలో రెండు మట్టి కుండీల్లో రెండు లారెల్ మొక్కలు, ఒకటి నా భుజం దాకా, ఒకటి అంతకన్నా కొంచెం పొట్టి. ఒకప్పుడు ఆమె దగ్గర బట్టలు కుట్టించుకున్న లెబనాన్ ఆవిడ దేశం వెళ్లిపోతూ ఇచ్చిందట. ఆవిడ చెప్పినట్టే ఆపా కూడా వాటిని ‘ఘార్’ అనేది.

నేను దిగిన మూడో రోజో నాలుగో రోజో గోడ మీదుగా నాలుగు ఆకులు నా చేతిలో పెట్టింది. “కూరల వేస్కో బిడ్డా. బిర్యానీల గూడ మంచిగుంటది,” అంది. ఆకును చూడగానే నా లోపలి డిగ్రీ లేచి కూర్చుంది. నేను కరీంనగర్‌లో బీఎస్సీ బాటనీ చదివాను. ఈ దేశంలో ఆ చదువుతో ఏం చేయాలో తెలియక ఉక్కిరిబిక్కిరి అవుతున్న రోజులవి. “ఇది మన బిర్యానీ ఆకు కాదు ఆపా,” అని మొదలుపెట్టాను. మన ఆకుకు మూడు ఈనెలు పొడుగ్గా సాగుతాయని, అది దాల్చిన చెక్క జాతిదని, దీనికి నడుమ ఒకటే ఈనె ఉంటుందని, రెండూ దూరపు చుట్టాలు మాత్రమేనని చెప్పి, చివరికి శాస్త్రీయ నామం కూడా చెప్పాను. ఆపా మధ్యలో ఆపలేదు. “ఇంకోసారి చెప్పు ఆ పేరు,” అంది. చెప్పాను. ఆమె కూడా పలకబోయింది, నోరు తిరగలేదు. నవ్వి, “నేను ఏడో తరగతిల బంద్ జేసిన,” అంది. తర్వాత మామూలుగా అడిగినట్టే అడిగింది. “మరి దీనికి నీళ్లెప్పుడు పొయ్యాలె?”

“పొద్దున, సాయంత్రం,” అన్నాను.

ఆమె వంగి, గోడ పక్కనున్న కుండీని రెండు చేతులతో పట్టుకుని, జానెడు దూరం తన వైపుకు జరుపుకుంది. అంతే. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఆ శుక్రవారమే రాజేశాన్ని వెంటబెట్టుకుని నర్సరీకి వెళ్లి నేనూ ఒక లారెల్ మొక్క కొన్నాను. ఆమె మొక్కలకన్నా నాది పచ్చగా ఉందని పైకి అనలేదు గానీ గోడకు ఆనించి, అవతలి నుంచి కనబడేలా పెట్టాను. రోజుకు రెండుసార్లు నీళ్లు పోశాను. ఆరు వారాలకు ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలడం లేదనుకుని ఇంకా పోశాను. ఆకులన్నీ రాలి కాండం మెత్తబడింది. ఆపా క్లినిక్‌కు వెళ్లిన పూట చూసి దాన్ని నల్ల కవర్లో కట్టి కింద చెత్త డబ్బాలో వేసి వచ్చాను. రెండో మొక్క తెచ్చాను. దీనికి ఎండ చాలలేదేమో అనుకుని భవనం మీద డాబాకు ఎక్కించాను. జూన్ నెల ఖతర్ ఎండ దాన్ని తొమ్మిది రోజుల్లో అప్పడంలా వేయించింది. “ఆపని అడుగరాదు?” అన్నాడు రాజేశం. ఆ మాటకు రెండు రోజులు అతనితో సరిగా మాట్లాడలేదు. గోడకు అవతల ఆమె మొక్కలు మాత్రం అదే ఎండలో, అదే దుమ్ములో, తళతళలాడుతూ ఉండేవి. బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా అటు చూడకూడదనుకునేదాన్ని, చూసేదాన్ని. ఒక ఆకైనా పండిందా అని వెతికేదాన్ని.

మూడో మొక్క కూడా పసుపు తిరగడం మొదలైన రోజు ఉదయం ఆపా గోడ మీద మోచేతులు ఆనించి, “మొదటిదాని వేర్లు కుళ్లినయా?” అని అడిగింది. నల్ల కవరు సంగతి ఆమెకు తెలుసన్నమాట. అవునని తలూపాను. “దీన్ని ఇటియ్యి,” అంది. నా కుండీని గోడ మీద పెట్టించుకుని, అడుగున చిల్లు మట్టితో మూసుకుపోయిందని చూపించింది. కుండీ లోపలి అంచు వెంట ఒక చుట్టు వేలుతో గీసి మట్టి వదులు చేసింది. మొక్కను బయటికి తీసి నల్లబడ్డ వేర్లు కత్తిరించి, సగానికి సగం ఇసుక కలిపిన కొత్త మట్టిలో పెట్టి నిండా నీళ్లు పోసింది. “ఇప్పుడు లేపి చూడు,” అంది. లేపాను. “ఎంత బరువుందో యాది పెట్టుకో. ఇంత బరువు ఉన్నంతసేపు నీళ్లు మాఫీ. తేలికైతె పొయ్యి, అడుగు నుంచి కారెదాక పొయ్యి. గడియారం జూసి పొయ్యకు.” పొద్దున పది దాకా వచ్చే ఎండ చాలని, మధ్యాహ్నం గోడ నీడలోకి జరపాలని, ఏసీ డబ్బా వదిలే వేడి గాలి తగలకుండా అడ్డం ఒక చెక్క పెట్టాలని, దుమ్ము గాలి వచ్చిన మర్నాడు తడి గుడ్డతో ప్రతి ఆకూ తుడవాలని ఒక్కొక్కటే చెప్పింది. చీమలు కాండం ఎక్కుతుంటే మాత్రం అన్ని పనులూ ఆపి ఆకు కింద చూడమంది. “చీమ ఉత్తగ పోదు. పైన పొలుసు పురుగు ఉన్నదనే పోతది. అది బంక వదుల్తది, ఇవి నాకుతయి.”

నేను నేర్చుకున్నాను. ఏడాదిన్నరలో నా మొక్క మోకాలి దాకా వచ్చింది. ఎవరైనా ఇక్కడితో అసూయ తీరిపోయిందనుకుంటారు. తీరలేదు, తెలివి తెచ్చుకుంది. ఇంతకుముందు ఆమె మొక్కలు పచ్చగా ఉన్నాయని మాత్రమే తెలిసేది. ఇప్పుడు ఎందుకు పచ్చగా ఉన్నాయో కూడా తెలిసి, ఆ పని ఆమె చేతుల్లో ఎంత సులువుగా జరుగుతుందో కనబడి, ఇంకా ఎక్కువ మండేది. ఆమె కుండీ ఎత్తకుండా కాలితో కొంచెం నెట్టి బరువు చెప్పగలిగేది. నేను పుస్తకంలో చదివినవన్నీ ఆమెకు వేళ్లలో ఉండేవి.

ఆ చలికాలం ఆమె పెద్ద మొక్క నుంచి పది కొమ్మలు కోసి, ఇసుకలో గుచ్చి, పైన సగం కోసిన నీళ్ల సీసాలు బోర్లించింది. లారెల్ కొమ్మ వేరు పట్టడం చాలా కష్టం. నెలల తరబడి చచ్చిందో బతికిందో తెలియదు. రోజూ గోడ ఇవతల నుంచి ఆ సీసాలు చూసేదాన్ని. ఏడు నెలలకు రెండే బతికాయి. వాటిలో ఒకటి నాకని నేనెప్పుడో రాసేసుకున్నాను. ఆపా ఒకటి తన దగ్గర ఉంచుకుని, రెండోది మూడో అంతస్తులో కొత్తగా దిగిన షైనీకి ఇచ్చింది. షైనీ కేరళ పిల్ల, ఆసుపత్రిలో నర్సు. మొక్కలంటే ఏమీ తెలియదు. మెట్ల మీద కనబడి, ఆ చిన్న కుండీని చంటిబిడ్డలా పట్టుకుని, “ఆపా ఇచ్చారు, చూశారా?” అని హిందీలో అడిగింది. “చాలా బాగుంది,” అన్నాను. ఇంట్లోకి వచ్చి వంటగదిలో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నిలబడ్డాను. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

ఆ వేసవిలోనే ఆపా కూతురికి కాన్పు దగ్గర పడింది. నలభై రోజులకు బోధన్ వెళ్తూ తన రెండు పెద్ద మొక్కలనూ నాకు అప్పగించింది. సలీం భాయి పొద్దున నాలుగింటికే డ్యూటీకి వెళ్లేవాడు. పైగా గోడ ఇవతలున్నది నేనే. “నీకు చెప్పవలసింది ఏం లేదు,” అని మాత్రం అంది. నిజంగానే ఏమీ చెప్పలేదు. నేను నీళ్లు సరిగా పోశాను, నీడలోకి జరిపాను, ఆకులు తుడిచాను. పదిహేను రోజులయ్యాక ఒక ఉదయం పొట్టి మొక్క కాండం మీద చీమల బారు కనబడింది. ఆకు తిప్పి చూశాను. ఈనె వెంట గోధుమ రంగు చుక్కలు, గోటితో గీకితే ఊడే పొలుసులు. ఏడెనిమిది ఆకులకే ఉన్నాయి. సబ్బు నీళ్లు, ఒక దూది ఉండ, అరగంట పని. అవన్నీ నాకు తెలుసు. ఆకును మళ్లీ బోర్లించి లోపలికి వచ్చాను.

నేను ఆ మొక్కను చంపాలనుకోలేదు. చూసి ఊరుకున్నాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే అనుకున్నాను. ఆమె మొక్కకూ పురుగు పడుతుందని ఒక్కసారి ఆమెకు తెలియాలని లోపల ఎవరో అంటున్నట్టుండేది. ఆ ‘ఎవరో’ నేనే. పది రోజుల తర్వాత చూస్తే ఆకుల మీద బంక కారి, ఆ బంక మీద మసి పట్టి, మొక్క సగం నల్లబడింది. అప్పుడు భయం వేసింది. ఆ రోజు నుంచి పొద్దున్నే కూర్చుని ఒక్కో ఆకూ తుడిచాను. వేపనూనె కోసం ఊరంతా తిరిగాను. తుడుస్తున్న కొద్దీ ఆకులు నా చేతిలోకి రాలేవి. ఆపా వచ్చేసరికి పొట్టి మొక్కకు ఒక వైపు ఆకే లేదు. అదృష్టం బాగుండి పెద్దదానికి పాకలేదు.

ఆమె సంచులు గుమ్మంలో పెట్టి నేరుగా బాల్కనీలోకి వచ్చింది. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, మిగిలిన ఆకుల్లో ఒకటి తిప్పి చూసింది. ఇంకొకటి చూసింది. నేను గోడ ఇవతల నిలబడ్డాను.

“ఈ మసి ఒక్క దినంల రాదు,” అంది. “మంచిగనే తుడిసినవ్. కని మస్తు ఆలస్యంగ తుడిసినవ్. నీకు కనబడలేదా?”

కనబడలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడకుండా ఆకు వైపే చూస్తోంది. ఎందుకో ఆ అబద్ధం రాలేదు. “కనబడ్డది ఆపా. చీమలున్నప్పుడే చూసిన. చూసి ఊకున్న,” అన్నాను.

ఆమె ఆకు వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఎనిమిది రోజులు గోడ దగ్గరికి రాలేదు. మిషను చప్పుడు వినబడేది, అప్పుడప్పుడు సలీం భాయి దగ్గు వినబడేది. ఆమె గొంతు మాత్రం వినబడలేదు. ఏం జరిగిందని రాజేశం అడిగితే చెప్పాను. అతను “గట్లెందుకు చేసినవే?” అన్నాడు.

తొమ్మిదో రోజు మా తలుపు తట్టింది. చేతిలో బట్టలు కత్తిరించే కత్తెర కాదు, కొమ్మలు కత్తిరించేది. “రా,” అంది. ఆ మొక్క ముందు ఇద్దరం కూర్చున్నాం. కత్తెర నాకిచ్చి, “నువ్వే కొయ్యి. పచ్చి కాండం కనబడెదాక కొయ్యి,” అంది. నేను కోస్తుంటే ఆమె పడ్డ కొమ్మలు ఏరి కవర్లో వేసింది. అలా ఏరుతూనే అడిగింది. “నీకు కొమ్మ ఎందుకియ్యలేదో తెల్సా?”

“తెల్వదు,” అన్నాను.

“నువ్వు దాని పేరు చెప్పిన దినం నుంచి నాకు కడుపుల మంటనే. తొమ్మిదేండ్లు పెంచిన, అసలు పేరు తెల్వకపాయె. నిన్నగాక మొన్నొచ్చిన పోరికి తెల్సె. నీకు చేతిపని గూడ వస్తె నన్ను మించుతవ్ అనుకున్న. షైనీకి ఇస్తె అది ఒక మొక్క. నీకు ఇస్తె నాతోటి పోటీ. అందుకే ఇయ్యలె.”

నేను కత్తెర ఆపి ఆమెను చూశాను. ఆమె కవరు మూతి ముడి వేస్తూ ఉంది. ఇన్నాళ్లూ ఆ గోడకు ఒక వైపే ఉందనుకున్నది రెండు వైపులా ఉందని నాకు అప్పుడు తెలిసింది. “మరి నాకెట్ల అప్పజెప్పి పోయినవ్ ఆపా?” అని అడిగాను.

“నీ మీద కుళ్లుండె. నీ చేతుల మీద నమ్మకముండె,” అంది. “నువ్వు చేసింది తప్పు. నాకు మస్తు కోపమున్నది, ఇంకా ఉంటది. కని అడిగితె దాచలేదు. నేను రెండేండ్లు దాసిన,” అని లేచి నడుము పట్టుకుంది. “ఆ కింది కొమ్మ వదిలినవ్. అది గూడ కొయ్యి.”

నవంబరులో ఆ మొద్దు నుంచి లేత ఎరుపు కలిసిన చిగుళ్లు వచ్చాయి. ముందు నేనే చూశాను. గోడ మీద తట్టి పిలిచాను. ఆమె చూసి, “ఊఁ,” అని మిషను దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె కోపం ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఒక రోజు అన్నం తిన్నావా అని అడిగింది, అంతే.

ఆ తర్వాత రెండేళ్లకు సలీం భాయికి కంపెనీలో పని ముగిసింది. బోధన్‌కు మూటాముల్లె సర్దుకున్నారు. మొక్కలు విమానం ఎక్కవు. కొమ్మ నుంచి పెంచి తన దగ్గర ఉంచుకున్నదాన్ని బట్టలు కుట్టించుకునే ఒకావిడకు ముందే ఇచ్చేసింది. వెళ్లే ముందు రోజు ఆపా భుజం దాటి పెరిగిన పెద్ద మొక్కను షైనీకి ఇచ్చి, నేను మొద్దు చేసిన మొక్కను నాకిచ్చింది. అంతకుముందు ఇచ్చిన చిన్న మొక్కను షైనీ ఎప్పుడో ఎండబెట్టేసింది కూడా. నాకు పాత చోటే మళ్లీ భగ్గుమంది. ఈసారి కుళాయి దగ్గరికి పోలేదు. “పెద్దది షైనీకెందుకు ఆపా? నాకు కుళ్లుగ ఉన్నది,” అన్నాను.

ఆమె పెద్దగా నవ్వింది. “ఇగో, నోటితోటి చెప్పినవ్. ఇది మంచిగున్నది,” అంది. తర్వాత నవ్వు తగ్గించి, “నువ్వు కోసింది నీదే. దాని దెబ్బ ఎక్కడున్నదో నీకే తెల్సు. షైనీకి పని తెల్వదు. పెద్దది ఆమె దగ్గరుంటె నువ్వు మెట్లెక్కి పోయి నేర్పిస్తవ్. నీ దగ్గరుంటె ఆమె దిగి రాదు,” అంది. నేను మెట్లెక్కాను. రెండేళ్లపాటు వారం వారం ఎక్కాను. ప్రతిసారీ అది నా ఇంట్లో ఉండాల్సిందని అనుకుంటూనే షైనీకి కుండీ ఎత్తి బరువు చూడడం నేర్పాను. అలా ఇంకో ఇద్దరి మొక్కలు, తర్వాత మా వీధి క్లినిక్‌లో మొక్కలు చూస్తూ చూస్తూ, ఒక రోజు ఈ కంపెనీలో ఉద్యోగానికి వెళ్లి, నా డిగ్రీ కాగితం బయటికి తీశాను. కానీ నన్ను పరీక్షించిన మనిషి అడిగింది కాగితం గురించి కాదు. వాడిపోయిన ఒక మొక్కను చూపించి ఏం చేస్తావని అడిగాడు. నేను వంగి కుండీ ఎత్తాను.

ఇప్పుడు నాతో పని చేసేవాళ్లలో సబీనా అని నేపాల్ మనిషి ఉంది. ఇంచుమించు నా వయసే. నేను ఆపా దగ్గర ఏళ్లు పట్టి నేర్చుకున్నది ఆమె మొదటి నెలలోనే చేసింది. లుసైల్ భవనం ముందున్న ఆ రెండు మొక్కల్లో ఒకటి పోయిన వేసవిలో పూర్తిగా ఎండిపోయినట్టు కనబడితే తీసేయమని నేనే రాశాను. సబీనా కాండం గీరి చూసి, లోపల పచ్చగా ఉందని, నన్ను రెండు నెలలు ఆగమంది. బతికింది. గత వారం మేనేజరు వచ్చి ఆ మొక్కను చూసి నా భుజం తట్టి, “స్వరూపా, బాగా కాపాడావు,” అన్నాడు. కొత్త భవనం పనికి ఒకరిని ఇన్‌చార్జిగా వేయాలని కూడా అతనే అన్నాడు. ఊరుకుంటే చాలు, ఆ పని నాదే. ఒక్క మాట కూడా అబద్ధం ఆడక్కర్లేదు. చూసి ఊరుకోవడం నాకు కొత్త పని కాదు. కడుపులో మండుతుండగానే, “నేను తీసేయమన్నాను సార్. కాపాడింది సబీనా,” అన్నాను. కొత్త భవనం పని ఆమెకు వచ్చింది.

ఆ సాయంత్రం వ్యానులో నా పక్కన కూర్చుని సబీనా హిందీలో అడిగింది, “దీదీ, ఎందుకలా చూస్తున్నారు?”

“నీ మీద అసూయగా ఉంది,” అన్నాను.

ఆమె నవ్వబోయి, నేను నవ్వడం లేదని చూసి ఆగింది. “మరి నా పేరెందుకు చెప్పారు?”

“పని నీది కాబట్టి,” అన్నాను. మంట తగ్గలేదు. తగ్గుతుందని ఆపా నాకెప్పుడూ చెప్పలేదు. నోట్లోంచి బయటికి పోనిస్తే చేతుల్లోకి దిగదని మాత్రం ఆమె దగ్గర చూశాను. సబీనా కొంచెం జరిగి, నా సంచి పెట్టుకోవడానికి చోటిచ్చింది.